పగడపు జీవులు కట్టిన దీవి: మినికాయ్

అరేబియా సముద్రపు పటమును పరిశీలిస్తే కేరళ తీరమునకు పడమటగా కొన్ని చిన్న చుక్కలు కనిపిస్తవి. అవి లక్షద్వీపములు. మొత్తము 36 దీవులు. జనులు నివసించేవి పది మాత్రమే. అన్నిటి భూమిని ఒకచోట చేర్చినా 32 చదరపు కిలోమీటర్లే అవుతుంది. ఈ గుంపునకు మిక్కిలి దక్షిణముగా, తక్కిన దీవులకు దూరముగా, ఒంటరిగా ఉన్న చుక్క మినికాయ్. ఆ దీవివారు దానిని తమ భాషలో 'మలికు' అంటారు.

కొచ్చిన్ రేవునుండి మినికాయ్‌కి సుమారు 400 కిలోమీటర్లు. ఉత్తరమున ఉన్న కల్పేని దీవికి, దీనికి నడుమ దాదాపు 200 కిలోమీటర్ల వెడల్పుగల సముద్రపు పాయ ఉన్నది. తొమ్మిదవ అక్షాంశరేఖ దానిగుండా పోతుంది గనుక నావికులు దానికి 'తొమ్మిది డిగ్రీల కాలువ' అని పేరు పెట్టినారు. దక్షిణమున మినికాయ్‌ని మాల్దీవులనుండి వేరుచేసేది 'ఎనిమిది డిగ్రీల కాలువ'. 1956 నవంబరు 1వ తేదీన, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినముననే, ఈ దీవులన్నీ ఒక కేంద్రపాలిత ప్రాంతముగా ఏర్పడినవి. 1973లో ఆ ప్రాంతమునకు లక్షద్వీప్ అనే పేరు వచ్చినది.

ఈ దీవికి వెళ్ళదలచినవారు ముందుగా ప్రభుత్వమునుండి అనుమతిపత్రము తీసుకొనవలెను. ప్రయాణము నౌకమీద. సముద్రముమధ్య మొదట కనిపించేది నేల కాదు, కొబ్బరిచెట్ల తలలు. మరికొంత దగ్గరకు పోతే తెల్లని ఇసుకగట్టు, దాని ప్రక్కన లేత ఆకుపచ్చని మడుగు, మడుగును చుట్టి తెల్లని నురుగు గీత కనిపిస్తవి. నురుగు గీతకు వెలుపల సముద్రము ముదురు నీలముగా ఉంటుంది. ఈ రంగుల తేడాలోనే దీవి పుట్టుక కథ అంతా ఇమిడి ఉన్నది.

ఇసుకను పరీక్షిద్దాము

మన కోస్తా తీరములోని ఇసుకలో అధిక భాగము కొండరాళ్ళు అరిగి నదులద్వారా కొట్టుకొని వచ్చినదే. అందులో క్వార్ట్‌జ్ రేణువులు హెచ్చు. భీమునిపట్టణము వంటి చోట్ల ఇల్మనైటు, గార్నెట్ వంటి బరువైన ఖనిజములు కూడా కలిసి ఉంటవి. మినికాయ్‌లో కొండ లేదు, నది లేదు. మరి అంత ఇసుక ఎక్కడిది?

పాఠశాల ప్రయోగశాలలోనే దీనికి జవాబు దొరుకుతుంది. మన తీరపు ఇసుకలోని గవ్వపెంకులను ఏరివేసి, కడిగి, దానిమీద నాలుగు చుక్కల విలీన హైడ్రోక్లోరికామ్లము వేస్తే చెప్పుకోదగిన మార్పు ఏమీ ఉండదు. ఏరిన గవ్వపెంకును పొడిచేసి దానిమీద అదే ఆమ్లము వేస్తే బుసబుస పొంగుతుంది. వెలువడే వాయువు కార్బన్ డయాక్సైడు; అది సున్నపుతేటను పాలవలె చేస్తుంది. మినికాయ్ ఇసుక ఈ గవ్వపొడివలెనే పొంగే ఇసుక. అది కాల్షియం కార్బొనేటు. పగడపు ముక్కలు, గవ్వల పెంకులు, సున్నమును నిలువచేసుకొనే శైవలముల తునకలు, సూక్ష్మజీవుల గుల్లలు కలిసి ఆ ఇసుక అయినవి. పగడమును కొరికి తిని సున్నమును పొడిగా విసర్జించే చిలుకచేపలకు కూడా ఇందులో భాగమున్నది. కనుక ఆ తీరమున నడిచేవారి పాదములక్రింద ఉన్నది ఒకప్పటి జీవుల శరీరములే.

పగడపు జీవి

పగడపు జీవి, అనగా ప్రవాళము, మొక్క కాదు, రాయి కాదు; చిన్న జంతువు. సంచివంటి శరీరము, పైన నోరు, నోటిచుట్టు స్పర్శకములు ఉంటవి. ఇది సముద్రజలములో కరిగియున్న కాల్షియమును, కార్బొనేటును గ్రహించి తన అడుగున సున్నపు గిన్నెను కట్టుకొంటుంది. జీవులు ఒకదానిప్రక్క ఒకటి మొలకెత్తి, పాతవాటి గిన్నెలపై క్రొత్తవి కట్టుకొంటూ పోతే క్రమముగా ఒక గోడ లేస్తుంది. దానినే ప్రవాళభిత్తి అంటారు.

ఈ జీవి ఒంటరిగా ఇంత పని చేయలేదు. దాని కణజాలములో ఏకకణ శైవలములు కాపురముంటవి. అవి ఎండవేడిమిని కాక, ఎండలోని వెలుతురును వినియోగించుకొని కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారైన ఆహారములో చాలా భాగమును పగడమునకు ఇస్తవి. పగడము వాటికి నివాసమును, పోషకపదార్థములను ఇస్తుంది. పగడమునకు రంగు వచ్చేది కూడా ముఖ్యముగా ఈ శైవలములవల్లనే. వెలుతురు కావలెను గనుక భిత్తిని కట్టే పగడములు లోతులేని నీటిలోనే పెరుగుతవి. సుమారు 50 మీటర్లకన్న లోతున వాటి నిర్మాణము మందగిస్తుంది. ఇక్కడ ఒక చిక్కు వస్తున్నది. మినికాయ్ చుట్టు సముద్రము వందల మీటర్ల లోతు, మరికొంత దూరము పోతే ఇంకా ఎక్కువ. లోతులేని నీటిలో మాత్రమే బ్రతికే జీవి అంత లోతునుండి గోడను ఎట్లా లేపినది?

డార్విన్ చెప్పిన సమాధానము

జీవపరిణామ సిద్ధాంతముతో ప్రసిద్ధుడైన చార్లెస్ డార్విన్ 1836లో హిందూ మహాసముద్రములోని కీలింగ్ దీవులను చూసి, 1842లో పగడపు దీవులను గురించి ఒక గ్రంథము ప్రకటించినాడు. ఆయన ఊహ ఇది: మొదట సముద్రములో ఒక అగ్నిపర్వతము దీవిగా ఉంటుంది. దాని ఒడ్డున పగడములు అంచుగా పెరుగుతవి. పర్వతము మెల్లమెల్లగా క్రుంగుతుంటే పగడములు అదే వేగముతో పైకి కట్టుకొంటూ పోతవి. భిత్తికి, ఒడ్డుకు మధ్య నీరు చేరుతుంది. చివరకు పర్వతము పూర్తిగా మునిగిపోగా, దానిచుట్టు కట్టిన పగడపు వలయము, నడుమ మడుగు మిగులుతవి.

ఊహ సరియైనదా కాదా అనేది తెలియవలెనంటే వలయమును తొలిచి చూడవలెను. 1952లో పసిఫిక్ మహాసముద్రములోని ఎనివెటోక్ వలయములో లోతైన రంధ్రములు తొలిచినప్పుడు 1,200 మీటర్లకు పైగా సున్నపురాయిని దాటిన తరువాత అగ్నిపర్వత శిల తగిలినది. నూటపది సంవత్సరముల తరువాత డార్విన్ ఊహకు ప్రత్యక్ష నిదర్శనము లభించినది.

లక్షద్వీపముల పునాదికి మన తెలుగునేలతో చుట్టరికమున్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రితము భూగర్భమునుండి వెలువడిన లావా దక్కను పీఠభూమిని కప్పినది. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతముల నల్లరాయి ఆ లావాయే. రాజమహేంద్రవరమువద్ద కనిపించే నల్లరాతి పొరలు కూడా ఆ ఉత్పాతమునకు సంబంధించినవే. ఆ లావాకు మూలమైన ఉష్ణస్థానముమీదుగా భారత భూఫలకము ఉత్తరమునకు జరిగిపోతుంటే, వెనుక సముద్రము అడుగున అగ్నిపర్వతముల గొలుసు ఒకటి ఏర్పడినది. లక్షద్వీపములు, మాల్దీవులు, చాగోస్ దీవులు ఆ గొలుసుమీదనే ఉన్నవి. ఆ ఉష్ణస్థానము నేడు రియూనియన్ దీవిక్రింద ఉన్నది.

మినికాయ్ వలయములో నేల అంతా తూర్పు అంచున నెలవంకవలె, సుమారు పది కిలోమీటర్ల పొడవున ఉన్నది. పడమట విశాలమైన మడుగు. నైరృతిదిక్కున విరింగిలి అనే చిన్న నిర్జనద్వీపము. పూర్వము కుష్ఠరోగులను అక్కడ ఉంచేవారు. మడుగువైపు తీరమున మెత్తని ఇసుక ఉంటుంది. బయటి సముద్రమునకు ఎదురుగా ఉన్న తూర్పు ఒడ్డున మాత్రము అలలు విసరివేసిన పగడపు రాళ్ళు గుట్టలుగా పడి ఉంటవి. నేల ఎత్తు సముద్రమునకు ఒకటి రెండు మీటర్లు, అక్కడక్కడ మరికొంచెము. 1899లో కేంబ్రిడ్జి జంతుశాస్త్రజ్ఞుడు స్టాన్లీ గార్డినర్ ఇక్కడికి వచ్చి భిత్తిని, మడుగును, జీవజాతులను పరిశీలించినాడు.

నావికుల దీవి

వ్యవసాయమునకు నేల చాలని చోట సముద్రమే పొలమవుతుంది. మినికాయ్ పురుషులు తరతరములుగా నావికులు. తెరచాప ఓడలలో మలబారు తీరమునకు, సింహళమునకు, కలకత్తాకు సరకులు నడిపినారు. ఆవిరి ఓడలు వచ్చిన తరువాత వాటిలో కొలువు కుదిరినారు. నేటికీ ఇక్కడి కుటుంబములలో అనేకము వర్తకనౌకలలో పనిచేసేవారి సంపాదనమీద ఆధారపడి ఉన్నవి. మగవారు నెలల తరబడి సముద్రముమీద ఉంటారు గనుక ఇంటి వ్యవహారము, ఊరి వ్యవహారము స్త్రీల చేతిలో ఉంటూ వచ్చినవి. దీవిలోని పదకొండు పల్లెలలో ప్రతిదానికి పురుషపెద్దతోపాటు స్త్రీపెద్ద కూడా ఉండడము ఇక్కడి ఆచారము.

తక్కిన లక్షద్వీపములలో మలయాళ సంబంధమైన భాష మాట్లాడుతారు. మినికాయ్‌లో మాత్రము మాల్దీవుల దివేహి భాషకు చెందిన మహల్ వాడుకలో ఉన్నది. దీని లిపి తాన. కుడినుండి ఎడమకు వ్రాస్తారు. ఈ లిపిలోని మొదటి తొమ్మిది అక్షరములు అరబ్బీ అంకెలనుండి, తరువాతి తొమ్మిది స్థానిక అంకెలనుండి పుట్టినవి. అంకెలను అక్షరములుగా మార్చుకొన్న లిపులు లోకములో అరుదు.

దివేహి సంప్రదాయ పంచాంగము తెలుగు రైతులకు పరిచయమైనదే. సంవత్సరమును నక్షత్రముల పేర పదమూడు, పదునాలుగు దినముల భాగములుగా విభజించి, వాటిని 'నకై' అంటారు. అస్సిద, బురును, కెతి, రోను అనేవి వాటి పేర్లలో కొన్ని. ఇవి మన అశ్వని, భరణి, కృత్తిక, రోహిణులే. మన రైతు కార్తెనుబట్టి విత్తనము చల్లితే, ఆ నావికుడు నకైనిబట్టి గాలివాటమును, వానను ఊహించి ఓడను కదిలిస్తాడు.

దిక్కులేని నీటిమీద స్థలమును తెలుసుకొనడమెట్లా? అరేబియా సముద్ర నావికులకు 'కమాల్' అనే పరికరముండేది. అది ఒక చిన్న చెక్కపలక. మధ్య రంధ్రమునుండి ముడులు వేసిన త్రాడు. త్రాటి ముడిని పళ్ళతో పట్టుకొని, పలక అడుగు అంచును క్షితిజమునకు, పై అంచును ధ్రువనక్షత్రమునకు సరిపెడతారు. ఎన్నవ ముడివద్ద సరిపోయినదో దానినిబట్టి నక్షత్రపు ఎత్తు తెలుస్తుంది. ధ్రువనక్షత్రము క్షితిజముపైన ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే మనమున్న చోటి అక్షాంశము ఇంచుమించుగా అంతే. హైదరాబాదులో అది సుమారు 17 డిగ్రీలు. మినికాయ్‌లో 8 డిగ్రీలు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీల కోణము చేస్తుంది. విద్యార్థులు మేఘములు లేని రాత్రి ఉత్తర దిక్కున పిడికిళ్ళతో కొలిచి తమ ఊరి అక్షాంశమును తామే రాబట్టవచ్చును.

దీపస్తంభము

1869లో సూయజ్ కాలువ తెరచినారు. ఏడెన్‌నుండి కొలంబోకు, ఇంకా తూర్పునకు పోయే ఓడలు ఈ దీవి సమీపముగా సాగినవి. ఇతర తీరములవద్ద నావికులు సీసపు గుండు కట్టిన త్రాడును నీటిలో విడిచి, లోతు తగ్గుతున్నదని చూసి జాగ్రత్తపడేవారు. పగడపు వలయముచుట్టు ఆ ఉపాయము పనిచేయదు. అడుగు అందదు, అందదు. అందేసరికి ఓడ భిత్తిమీద ఉంటుంది. అందువల్ల 1885లో ఇక్కడ ఒక పెద్ద దీపస్తంభము నిర్మించినారు. దాని ఎత్తు సుమారు 150 అడుగులు.

అంత ఎత్తు ఎందుకు? భూమి గుండ్రముగా ఉండడమే కారణము. h ఎత్తుననుండి క్షితిజమునకు గల దూరము d అనుకొంటే, భూవ్యాసార్థము R అయినప్పుడు d² = 2Rh అని పైథాగొరస్ సిద్ధాంతమునుండి సులభముగా వస్తుంది. R విలువ 63,71,000 మీటర్లు. దీపము 49 మీటర్ల ఎత్తున ఉంటే d సుమారు 25 కిలోమీటర్లు. ఓడమీద నిలిచినవాని కన్ను నీటికి 10 మీటర్ల ఎత్తున ఉంటే అతని క్షితిజము మరి 11 కిలోమీటర్లు. రెండును కలిపితే 36 కిలోమీటర్ల దూరమునుండే దీపము కనిపించవలెను. దీవి నేల ఎత్తు 2 మీటర్లే అయితే దానినుండి d అయిదు కిలోమీటర్లు మాత్రమే, అదీ పగటిపూట. ఈ లెక్కలోని తేడాయే ఎన్నో ఓడలకు ప్రాణరక్ష. ఇరువదియొకటవ శతాబ్దిలో కూడా ఈ జలమార్గమునకు ప్రాముఖ్యము తగ్గలేదు. 2024 మార్చిలో భారత నౌకాదళము మినికాయ్‌లో 'జటాయు' అనే స్థావరమును నెలకొల్పినది.

సూర చేప, ఎర చేప

ఇక్కడి ప్రధాన వృత్తి సూర చేపల వేట. పడవవారు ముందుగా మడుగులో పగడపు కొమ్మల నడుమ తిరుగాడే చిన్న చేపలను సన్నని వలతో పట్టి, సముద్రపు నీరు నిండిన పడవ తొట్టిలో ప్రాణముతో ఉంచుతారు. బయటి సముద్రములో సూర చేపల గుంపు కనపడగానే ఈ ఎరచేపలను చల్లుతూ నీటిని చిమ్ముతారు. నీటి తుంపరలు చిన్న చేపల గుంపు అలజడివలె తోచి సూరలు ఎగబడతవి. వెంటనే గడకర్రలకు కట్టిన గాలములను నీటిలో వేసి ఒక్కొక్క చేపను పడవలోనికి విసురుతారు. గాలమునకు వెనుక ముల్లు ఉండదు. త్రాడు వదులుకాగానే చేప దానంతట అదే ఊడిపడుతుంది. ఈ పద్ధతిలో వలలవలె అక్కరలేని జీవులు చిక్కి చావవు.

పట్టిన చేపను కోసి, ఉప్పునీటిలో ఉడికించి, పొగపెట్టి, ఎండబెట్టి 'మాస్‌మిన్' తయారుచేస్తారు. ఉడికించడముతో మాంసకృత్తులు గడ్డకట్టి నీరు దిగుతుంది. ఎండలో మరింత నీరు పోతుంది. పొగలోని ఫీనాల్ జాతి పదార్థములు సూక్ష్మజీవులను అడ్డుకొంటవి. అందుచేత కట్టెవలె గట్టిపడిన ఈ చేప నెలల తరబడి చెడదు. సుదీర్ఘ ప్రయాణములు చేసే నావికులకు ఇంతకన్న అనువైన ఆహారము లేదు.

ఇసుకక్రింది మంచినీరు

చుట్టును ఉప్పు సముద్రము ఉండగా, ఈ దీవిలో బావి త్రవ్వితే మంచినీరు పడుతుంది. వాననీరు ఇసుకలోనికి ఇంకి, తనకన్న బరువైన ఉప్పునీటిమీద తేలుతుంది. ఒక ఘనపు మీటరు మంచినీరు 1,000 కిలోగ్రాములయితే సముద్రజలము సుమారు 1,025 కిలోగ్రాములు. మంచినీటిమట్టము సముద్రమట్టముకన్న h ఎత్తున, దాని అడుగు z లోతున ఉన్నదనుకొందాము. తేలడానికి 1,000(h + z) = 1,025z కావలెను. అనగా z = 40h. పైన ఒక అంగుళము నీరు నిలిస్తే క్రింద నలభై అంగుళములు నిలుస్తుంది. ఆకారములో ఇది కటకమువలె మధ్య మందముగా, అంచుల పలుచగా ఉంటుంది. ఘైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఈ సూత్రమును గుర్తించినారు.

ఈ సూత్రములోనే ప్రమాదమున్నది. ఎక్కువగా తోడి నీటిమట్టమును ఒక అంగుళము తగ్గిస్తే, క్రిందినుండి ఉప్పునీరు నలభై అంగుళములు పైకి లేస్తుంది. ఆటుపోటులు కూడా ఉప్పును కలుపుతూనే ఉంటవి గనుక వాస్తవములో మంచినీటి పొర లెక్కకన్న పలుచన. తుఫాను కెరటము ఒక్కసారి నేలమీదికి ఎక్కినా చాలు, బావి చాలాకాలము పనికిరాదు.

ఈ ఇబ్బందిని తీర్చుటకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2011లో మినికాయ్‌లో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు ఇచ్చే కేంద్రమును నెలకొల్పినది. దాని సూత్రము చక్కనిది. గాలిని తోడివేసి పీడనమును వాతావరణ పీడనములో ఇరువదియయిదవ వంతుకన్న తగ్గిస్తే 28 డిగ్రీల సముద్రజలము కూడా ఆవిరి అవుతుంది. సుమారు 350 మీటర్ల లోతునుండి తెచ్చిన చల్లని నీరు పారే గొట్టములు తగిలి ఆ ఆవిరి మంచినీరుగా మారుతుంది. వేడిచేయుటకు ఇంధనము అక్కరలేదు. పంపులకు మాత్రమే విద్యుత్తు కావలెను. పగడపు భిత్తి ఒడ్డునుండి నిట్రముగా దిగిపోవడమువల్ల కొద్ది దూరములోనే అంత లోతు దొరుకుతున్నది. ఓడలకు గండమైన ఏటవాలే ఇక్కడ ఉపకారమయినది.

భిత్తి నిలిస్తేనే దీవి

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకే గొలుసులోని లంకెలు. అలల దెబ్బను ఓర్చేది భిత్తి. తీరమునకు ఇసుకను ఇచ్చేది భిత్తి. ఎరచేపకు నీడ ఇచ్చేది మడుగులోని పగడము. ఎర లేనిదే సూర లేదు. బావిలో మంచినీరు నిలిచేది తీరము కోసుకొనిపోకుండా ఉంటేనే.

పగడము ఉష్ణోగ్రతకు మిక్కిలి సుకుమారమైన జీవి. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠముకన్న ఒక డిగ్రీ వేడి కొన్ని వారములు నిలిస్తే అది తనలోని శైవలములను వెలిగ్రక్కి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకొంటుంది. లేకపోతే ఆకలితో చస్తుంది. లక్షద్వీప జలములలో 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో పగడములు విస్తారముగా తెల్లబడినవి. దెబ్బకు దెబ్బకు మధ్య కోలుకొనుటకు వ్యవధి కావలెను. ఆ వ్యవధిలో మొదటిది పన్నెండేండ్లు, తరువాతివి ఆరు, ఎనిమిది.

మరొక ప్రక్క సముద్రము పెరుగుతున్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు హెచ్చినది. 2006 తరువాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. బంగారం దీవి వలయములోని పరళి-1 అనే నిర్జనద్వీపము పూర్తిగా కోసుకొనిపోయినట్లు 2017లో వెల్లడైనది.

పూర్వకాలమున సముద్రము ఇంతకన్న ఎక్కువగానే పొంగినది. సుమారు ఇరువదివేల ఏండ్ల క్రితము సముద్రమట్టము నేటికన్న దాదాపు 120 మీటర్లు తక్కువ. మంచు కరిగి నీరు లేస్తుంటే పగడములు కూడా గోడను లేపినవి. కనుక నీరు లేవడము ఒక్కటే వాటికి క్రొత్త కాదు. లేస్తున్న నీటితోపాటు వేడి కూడా వచ్చి, కట్టే పనివారినే చంపుతుండడము క్రొత్త. సముద్రమును వేడెక్కించే కార్బన్ డయాక్సైడు మినికాయ్‌లో పుట్టినది బహు స్వల్పము. అది మన కర్మాగారములనుండి, మన వాహనములనుండి, లోకములోని మహానగరములనుండి వస్తున్నది. దీవివారు చేయగలిగినది మడుగును శుభ్రముగా ఉంచడము, పగడమును పెకలించకుండా కాపాడడము, బావిని మితముగా తోడడము. మిగిలిన భాగము దీవికి వెలుపల ఉన్నవారిది. పగడపు జీవి బ్రతికి ఉన్నంతకాలము గోడ కట్టడము మానదు. అది బ్రతికేంత చల్లదనము నీటిలో మిగులుతుందా లేదా అన్నదే మినికాయ్ భవిష్యత్తును నిర్ణయిస్తుంది.